పార్కిన్సన్స్: నాన్న నడక ఆగిపోతోంది, ఆర్‌టీఎంఎస్ చేయించాలా?

గోదారిగట్టు:
పొద్దుటి నుంచి నెట్‌లో వెతుకుతున్నా, ఎక్కడా సూటిగా చెప్పట్లేదు. నాన్నకి పార్కిన్సన్స్. గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. ఒక సెంటర్‌లో ఆర్‌టీఎంఎస్‌తో, అంటే తల మీద అయస్కాంతపు కాయిల్ పెట్టి చేసే చికిత్సతో, నడక బాగవుతుందంటున్నారు, డబ్బు ముందే కట్టాలట. కట్టమంటారా, వద్దంటారా? అది చెప్పండి చాలు.

సీతాఫలం:
మందు ఎన్నింటికి వేస్తున్నారు? పార్కిన్సన్స్‌కి ఇచ్చే సిండోపా మాత్ర పప్పన్నం, గుడ్డు తిన్న వెంటనే వేస్తే సరిగ్గా ఎక్కదు. మాంసకృత్తులు అందులోని లీవోడోపా మందుకి అడ్డుపడతాయి. భోజనానికి అరగంట ముందే వేయాలి. ఈ చిన్న విషయం పట్టించుకోకుండా మెషీన్ల వెంట పడుతున్నారు, చూస్తే బాధేస్తుంది. నడక ఆగేది మందు పనిచేసే టైములోనా, దాని ప్రభావం దిగాకా? రోజూ రాసిపెట్టండి.

గోదారిగట్టు:
మందులు డాక్టర్‌గారు చూస్తున్నారండీ. నేనడిగింది ఆర్‌టీఎంఎస్ గురించి.

కొబ్బరాకు:
పెద్దాయనకి ఈ వయసులో కరెంట్ షాకులెందుకమ్మా?

ఫిజియో_ఓరుగల్లు:
షాక్ కాదండీ. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తిచ్చి ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో మనిషి మెలకువగానే ఉంటారు. తల మీద పెట్టిన కాయిల్‌లోని అయస్కాంత శక్తి వల్ల మెదడు పైపొరలో కొద్దిగా కరెంట్ పుడుతుంది. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం మొదలుపెట్టిన పద్ధతి. అమెరికాలో 2008లో డిప్రెషన్‌కి అనుమతిచ్చారు, పార్కిన్సన్స్‌కి ఇవ్వలేదు. మెదడులో కదలికల్ని నడిపే భాగం మీద 5 హెర్ట్జ్ (సెకనుకి 5 సార్లు), ఆపైన ఇస్తే కొందరికి కదలిక మెరుగైన మాట నిజమే. కానీ ఆ మేలు శాశ్వతం కాదు. నడక బాగవుతుందని గ్యారంటీగా చెప్పేవాళ్లని నమ్మకండి.

కొబ్బరాకు:
మెదడులో కరెంట్ పుడుతుందని మీరే అన్నారు. మరి షాక్ కాక ఏంటి?

నిమ్మతొన:
తలలో, ఛాతీలో ఏమైనా అమర్చారా?

గోదారిగట్టు:
పోయినేడు డీబీఎస్ ఆపరేషన్ అయింది, మెదడులోకి వైర్లు పెట్టి కరెంట్ ఇస్తారు కదా, అదే. ఛాతీలో బ్యాటరీ ఉంది. వణుకు తగ్గింది. నడకే ఇలా.

నిమ్మతొన:
కట్టొద్దు. కాయిల్ వల్ల ఆ వైర్లలో కరెంట్ పుట్టొచ్చు, పరికరం పాడవచ్చు. ఆపరేషన్ చేసినవాళ్లకే చూపించండి.

ఫిజియో_ఓరుగల్లు:
ఈ మాట మొదటే తెలియాల్సింది. డీబీఎస్ మామూలుగా 130 హెర్ట్జ్ దగ్గర పెడతారు. 60కి దించితే కొందరికి ఇలా ఆగిపోవడం తగ్గుతుంది, అయితే వణుకు మళ్లీ రావచ్చు. అందుకే ప్రోగ్రామింగ్ చేసేవాళ్లే మార్చాలి. ఈలోగా గుమ్మం ముందు నేల మీద రంగు టేపు అడ్డగీతలుగా అంటించండి. ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి, "గీత దాటు నాన్నా" అనండి.

సీతాఫలం:
మందు టైము ఇంకా చెప్పలేదు.

గోదారిగట్టు:
సోమవారం ఆపరేషన్ చేసిన హాస్పిటల్‌కే తీసుకెళ్తున్నాం. టేపు అంటించాను. థాంక్సండీ.

కొబ్బరాకు:
టీడీసీఎస్ అని, తల మీద ప్యాడ్లు పెట్టి కొద్దిగా కరెంట్ ఇచ్చేది, మా అత్తయ్యకి రాశారు. అదీ ఈ ఆర్‌టీఎంఎస్సూ ఒకటేనా?