వాన వెలిశాక గెడ్డ మొగలో వల వేయొచ్చా? రాళ్ళ మీది ఆలిచిప్పలు తినొచ్చా?

మొగఒడ్డు:
విశాఖలో లాసన్స్ బే వైపు గెడ్డ (వాగు) సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ సంగతి. గట్టి వాన పడితే రెండ్రోజులు నీళ్ళు డికాషన్‌లా ఉంటాయి, మూడో రోజుకి తేటపడతాయి. అయినా అడుగు వలకి గొరక చేపలు, పీతలు పడవు. మొగలో విసురు వలకి మాత్రం కత్తిపరిగెలు దండిగా పడతాయి. ఎందుకిలా? ఎన్నాళ్ళు ఆగాలి? ఆలిచిప్పలు తినొచ్చా?

నీళ్ళసీసా:
తేటపడటం వేరు, బాగుపడటం వేరండి. గెడ్డ నీరు ఉప్పునీటి కంటే తేలిక, పైన పొరలా పరుచుకుంటుంది. ఆ మూత కింద నీటికి గాలి అందదు. మురుగులోని మడ్డి మాత్రం అడుక్కి దిగి, కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. 28 డిగ్రీల సముద్రపు నీటిలో నిండా ఉన్నా లీటరుకి 6 మిల్లీగ్రాముల పైచిలుకే. 2 కంటే దిగితే గొరకలు ఆ చోటు వదిలేస్తాయి, పీతలు ఒడ్డుకు పాకుతాయి. వల అడుగు తాడుకి నల్ల బురద అంటి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అక్కడ ఆక్సిజన్ అయిపోయినట్టే, వల ఇంకో చోటికి మార్చండి. రోజులు లెక్కపెట్టి లాభం లేదు, గాలికి కెరటం లేచి రెండు పొరలూ కలవాలి. వాన వెలిశాక 72 గంటలు ఆగమనే మాట స్నానాలకి చెప్పేది.

చిప్పలబుట్ట:
కత్తిపరిగె బురద మేసే చేప. మురుగు ఉన్నచోట దానికి మేత ఎక్కువ, అందుకే మొగకి చేరుతుంది. బాగా పడిందని నీరు మంచిదనుకోకండి. పట్టగానే మంచులో పెట్టి, పేగు చిట్లకుండా తీసి, కడుపు లోపలి నల్ల పొర గీకి, కుళాయి నీటితో కడగండి. చాలామంది మొగ నీటితోనే కడిగేస్తారు, దాంతో పడ్డ శ్రమంతా వృథా. కిరసనాయిలు వాసన వస్తే పారేయడమే, వండినా పోదు.

ఆలిచిప్పల మాటకొస్తే, గెడ్డ పక్క రాళ్ళవి ఏ కాలంలోనూ వద్దు. ఒక్కో చిప్ప గంటకి లీటర్ల కొద్దీ నీరు వడకడుతుంది, క్రిములన్నీ దాని ఒంట్లోనే పేరుకుంటాయి. శుద్ధి కేంద్రాల్లో అతినీలలోహిత దీపం కింద శుభ్రమైన సముద్రపు నీరు పారిస్తూ 36 నుంచి 48 గంటలు ఉంచుతారు. దానికి బాక్టీరియా పోతుంది గానీ హెపటైటిస్-ఎ, నోరో వైరస్‌లు సరిగా పోవు. సీసం, కాడ్మియం పోవు. ఇంట్లో బకెట్‌లో ఉప్పునీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే వదిలిందే మళ్ళీ పీల్చుకుంటాయి. నోరు తెరవగానే పొయ్యి మీంచి దించడం ఇంకో తప్పు, అప్పటికి లోపలి మాంసం ఉడకదు. మంచి చోటివైనా మాంసం లోపల 90 డిగ్రీల వేడి 90 సెకన్లు తగలాలి.

మొగఒడ్డు:
చాలా థ్యాంక్స్ అండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పెట్టాలంటే నీళ్ళు ఎలా పట్టాలి?

నీళ్ళసీసా:
ఆక్సిజన్‌కి 300 మిల్లీలీటర్ల గాజు సీసా తీసుకుని, బుడగ ఒక్కటీ లేకుండా నింపండి. తెల్లవారకముందే పట్టాలి, ఆక్సిజన్ అప్పుడే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ ద్రావణాలు చెరో 2 మిల్లీలీటర్లు అక్కడికక్కడే వేయాలి. సీసాలో గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతే లేనట్టు. క్రిముల పరీక్షకి వేరే స్టెరైల్ సీసా. మోచేతి లోతున, మూతి ప్రవాహానికి ఎదురు పెట్టి పట్టి, ఐస్ పెట్టెలో 6 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. స్నానాలు, చేపల వేట జరిగే ఎస్‌డబ్ల్యూ-2 తరగతి తీరానికి ఆక్సిజన్ లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, బీఓడీ (మురుగు కుళ్ళడానికి లాగేసే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు మించకూడదు, ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బాక్టీరియా) 100 మిల్లీలీటర్లకి 100 దాటకూడదు.

కెరటం:
ఒకటి చేరుస్తాను. నమూనా వానరోజునే కాదు, పది రోజులు చినుకు లేని ఎండలోనూ పట్టండి. అప్పుడూ గెడ్డ పారుతుంటే అది వాననీరు కాదు. కొండ ఊట అని తోసేసే వీలుంది కాబట్టి అమ్మోనియా, ఫీకల్ కోలిఫాం రెండూ చూపించండి, మురుగు గొట్టం గెడ్డలోకి వదిలారని వాటితోనే తేలుతుంది. మొగకి రెండువైపులా 200 మీటర్ల దూరంలోనూ పట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి ఉంటుంది, మురుగు చాలావరకు అటే పోతుంది. ఒకవైపే పడితే మంచి రిపోర్టు వచ్చి కేసు పోతుంది.