ఉల్లి వేరు స్క్వాష్‌లో విభజన దశలు దొరకడం లేదు, కాలనీల లెక్క పదిరెట్లు తప్పుతోంది: డిగ్రీ బయాలజీ ప్రాక్టికల్స్ సందేహాలు

ప్రశ్న

అందరికీ నమస్కారం. బీఎస్సీ బయాలజీ మొదటి ఏడాది. ప్రాక్టికల్స్ పరీక్ష దగ్గరపడింది, నాలుగు చోట్ల ఆగిపోయాను.

ఉల్లి వేరు కొన స్క్వాష్‌లో (కొనను స్లైడ్ మీద నొక్కి పలచగా పరిచేది) కణాలన్నీ పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తున్నాయి. మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరుసకట్టే దశ) ఒక్కటీ లేదు, రంగు కూడా లేతగా ఉంది. 60 డిగ్రీల దగ్గర 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 20 నిమిషాలు ఉంచి, అసిటోకార్మిన్ అనే రంగు వేస్తున్నాను. రెండోది, బ్యాక్టీరియా ప్లేట్ల లెక్కలో నా జవాబు ఉండాల్సిన దానికి పదో వంతే వస్తోంది. మూడోది, కై-స్క్వేర్ పరీక్షలో (వచ్చిన సంఖ్యలు ఆశించిన నిష్పత్తికి సరిపోతున్నాయా అని చూసేది) శాతాలు వేయవచ్చా? చివరగా, గ్లైకాలసిస్ (కణం గ్లూకోజ్‌ను విడగొట్టే చర్యల వరుస) ఎన్నిసార్లు బట్టీ పట్టినా వారం తిరిగేసరికి మరిచిపోతున్నాను.

జవాబు (స్క్వాష్ గురించి)

పొడుగు కణాలు కనిపిస్తున్నాయంటే మీరు కోసిన చోటు తప్పు. వేరు చివర టోపీ ఉంటుంది, దాని వెనకే విభాజ్య కణజాలం. రెండూ కలిపి 1 నుంచి 2 మిల్లీమీటర్లే. ఆ పైనంతా కణాలు విభజన ఆపేసి సాగే ప్రాంతం. అర సెంటీమీటరు ముక్క పెడితే స్లైడ్‌లో ఎక్కువ భాగం ఈ పనికిరాని కణాలే నిండుతాయి. సరైన చోటి కణాలు చిన్నవిగా, దాదాపు చదరంగా, గదిలో సగం కేంద్రకమే అన్నట్టు ఉంటాయి. రంగు పట్టాక కొన ముదురుగా, వెనక భాగం లేతగా తేలుతుంది. ఆ ముదురు భాగం ఉంచి మిగతాది బ్లేడుతో కోసి పారేయండి. స్లైడుకు ఒక్క కొన చాలు.

ఇక ఆమ్లం. దాని పని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పొరను కరిగించడం. తక్కువసేపు ఉంచితే కణాలు విడిపోక గుట్టగా ఉంటాయి. ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోముల్లోని డీఎన్ఏ కూడా దెబ్బతిని అసిటోకార్మిన్ సరిగా పట్టదు. మీ రంగు లేతగా ఉండడానికి మొదట అనుమానించాల్సింది ఆ 20 నిమిషాలనే. 5 నిమిషాలతో మొదలుపెట్టి, కణాలు విడిపోకపోతేనే 8, 10కి వెళ్లండి. తర్వాత నీటితో బాగా కడగాలి. ఆమ్లం మిగిలితే రంగు మళ్లీ పలచనవుతుంది.

రంగులో ఉన్న కొనను ఇనుప సూదితో చిదమండి. సూది నుంచి దిగే కొద్దిపాటి ఇనుము అసిటోకార్మిన్‌ను ముదురు చేస్తుంది. అతిగా గెలికితే మాత్రం రంగు నల్లని నలుసులుగా అడుగుకు చేరుతుంది. స్లైడ్‌ను మంట మీద రెండు మూడు సార్లు దాటించి, చేతి వెనక ఆనిస్తే ఓర్చుకునేంత వేడి దగ్గర ఆపండి. మరిగితే బుడగలు వచ్చి కణాలు చెదిరిపోతాయి.

కవర్‌స్లిప్ వేశాక ముందు పెన్సిల్ మొద్దు కొనతో నెమ్మదిగా తట్టాలి, కణాలు పరుచుకునేది ఆ తట్టుడుతోనే. తర్వాత బ్లాటింగ్ పేపర్ మడతలో పెట్టి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కండి. కవర్‌స్లిప్ పక్కకు జరిగిందా, కణాలు చుట్టుకుపోయి క్రోమోజోములు గుర్తుపట్టలేనట్టు అవుతాయి. ఆ స్లైడ్‌తో కుస్తీ పట్టకుండా కొత్తది చేసుకోవడమే మేలు.

వేళ్లను కోసిన వెంటనే ఫిక్సేటివ్‌లో (కణాలను ఉన్నవున్నట్టు ఆపేసే ద్రావణం) వేస్తున్నారా? మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, అప్పటికప్పుడు కలిపింది. నిల్వ ఉంటే ఈ రెండూ కలిసి ఎస్టర్‌గా మారి ద్రావణం బలహీనపడుతుంది. 24 గంటలు అందులో ఉంచి, ఆపై 70 శాతం ఆల్కహాల్లోకి మార్చండి. కోసి బల్లమీద వదిలేస్తే మొదలైన విభజనలు ముగుస్తాయి, కొత్తవి మొదలుకావు, దశలు దొరకవు.

అడిగినవారు

చాలా థాంక్స్ మేడమ్. 6 నిమిషాలకు తగ్గించి, ముదురు కొన మాత్రమే తీసుకున్నాను. చదరపు కణాలు, ముదురు కేంద్రకాలు వచ్చాయి. కానీ పదింట తొమ్మిది ఇంటర్‌ఫేజ్‌లోనే (రెండు విభజనల మధ్య దశ) ఉన్నాయి. ఇంకా ఏదో తప్పుందా?

జవాబు

తప్పేమీ లేదమ్మా, అలాగే ఉండాలి. కణం తన జీవితకాలంలో ఎక్కువ భాగం ఇంటర్‌ఫేజ్‌లోనే గడుపుతుంది కాబట్టి ఏ క్షణంలో ఆపి చూసినా అవే ఎక్కువ. విభజనలో ఉన్నవాటిలో ప్రోఫేజ్ (మొదటి దశ) ఎక్కువగా, అనాఫేజ్ (క్రోమోజోములు రెండు వైపులకు విడిపోయే దశ) తక్కువగా దొరుకుతాయి. ఆ నిష్పత్తులే ఒక్కో దశ ఎంతసేపు పడుతుందో చెబుతాయి. ఉదాహరణకు 600 కణాల్లో 12 మెటాఫేజ్‌లో ఉంటే అది 2 శాతం. కణచక్రం 20 గంటలనుకుంటే మెటాఫేజ్ సుమారు 24 నిమిషాలు. కణాలన్నీ ఒకేసారి విభజన మొదలుపెట్టకుండా ఎవరి దారిన అవి సాగుతుంటేనే ఈ లెక్క చెల్లుతుంది. రికార్డులో ఆ వాక్యం రాయండి, వైవాలో అడిగేదే అది.

లెక్కపెట్టేటప్పుడు అందమైన మెటాఫేజ్‌ల కోసం స్లైడంతా వెతికి అవే రాయకండి. ఒక మూల నుంచి వరుసగా జరుపుతూ, కనిపించిన ప్రతి కణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 500కు తగ్గితే మైటోటిక్ ఇండెక్స్ (మొత్తం కణాల్లో విభజనలో ఉన్నవాటి వాటా) మీద నమ్మకం పెట్టుకోలేం. క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తే ఎంచి చూడండి, ఉల్లిలో 16 రావాలి.

జవాబు (ప్లేట్ల లెక్క)

సరిగ్గా పదో వంతే వస్తోందంటే ప్లేటు మీద పోసిన పరిమాణాన్ని లెక్కలో వదిలేస్తున్నారు. 10⁻⁶ గొట్టం (పది లక్షల రెట్లు పలచన చేసినది) నుంచి 0.1 మిల్లీలీటరు పరిచి 84 కాలనీలు వచ్చాయనుకోండి. 84 ÷ (0.1 × 10⁻⁶) = 8.4 × 10⁸, మిల్లీలీటరుకు. ఆ 0.1ని మరిచిపోతే 8.4 × 10⁷ వస్తుంది.

పలచన చేసేటప్పుడు 1 మిల్లీలీటరుకు 9 మిల్లీలీటర్లు, మొత్తం 10. కొందరు 1కి 10 పోస్తారు, అది 11 రెట్ల పలచన. ఆరు మెట్లు దిగేసరికి దాదాపు 1.77 రెట్ల తేడా పేరుకుంటుంది. ప్రతి మెట్టుకూ కొత్త టిప్, ప్రతి గొట్టాన్నీ బాగా కలిపాకే తర్వాతి దానికి. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లనే ఎంచండి. అంతకు మించితే కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సంఖ్య తగ్గి కనిపిస్తుంది.

జవాబు (కై-స్క్వేర్)

శాతాలు వేయకూడదండీ. ఎందుకో ఈ ఉదాహరణ చూడండి. పొడవు, పొట్టి మొక్కలు 3:1 నిష్పత్తిలో ఆశించారు. 100 మొక్కల్లో 70 పొడవు, 30 పొట్టి వచ్చాయి. ఆశించినవి 75, 25. 25/75 + 25/25 = 1.33. రెండు తరగతులు కాబట్టి స్వేచ్ఛా పరిమితి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 1, సంభావ్యత 0.05 దగ్గర హద్దు 3.84. దాటలేదు, 3:1ని తోసిపుచ్చలేం. ఇప్పుడు 1000 మొక్కల్లో 700, 300. శాతాలు అవే, కానీ 2500/750 + 2500/250 = 13.33. ఈసారి 3:1 నిలవదు. శాతాలు వేస్తే ఈ రెండు ప్రయోగాలూ ఒకటే అయిపోతాయి. తేడా ఎంత ఉందన్నదే కాదు, అది ఎన్ని మొక్కల మీద కనిపించిందన్నది కూడా సాక్ష్యమే.

మరొకటి, విలువ 3.84 లోపల ఉంటే "3:1 నిరూపితమైంది" అని రాయకండి. "ఫలితాలు 3:1కి విరుద్ధంగా లేవు" అంటే సరిపోతుంది.

జవాబు (గ్లైకాలసిస్)

పది మెట్లనూ పేర్ల వరుసగా కాకుండా కార్బన్‌ల లెక్కగా చదవండి. ఆరు కార్బన్‌ల గ్లూకోజ్‌కు రెండు ఏటీపీలు (కణం శక్తికి వాడే అణువులు) ఖర్చుపెట్టి రెండు ఫాస్ఫేట్లు తగిలిస్తాం, మూడు కార్బన్‌ల ముక్కలు రెండు చేస్తాం, వాటినుంచి నాలుగు ఏటీపీలు, రెండు ఎన్ఏడీహెచ్‌లు (ఎలక్ట్రాన్లను మోసే అణువులు) రాబట్టుకుంటాం. నికరంగా రెండు ఏటీపీలు. ఎంజైమ్ పేరే పని చెబుతుంది: కైనేజ్ అయితే ఫాస్ఫేట్ మార్పిడి, ఐసోమరేజ్ అయితే అణువులో అమరిక మార్పు, డీహైడ్రోజినేజ్ అయితే ఆక్సీకరణ. పుస్తకం మూసి ఖాళీ కాగితం మీద గీయండి, ఆగిన చోట మాత్రమే తెరవండి. మర్నాడు మళ్లీ, మూడు రోజులకు మళ్లీ.

గీయడం వచ్చాక ఏదో ఒక మెట్టు ఆపేసి ఏమవుతుందో రాసుకోండి. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ ఆగితే ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్, దాని వెనక గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పేరుకుంటాయి, రెండోది కండరాల్లో హెక్సోకైనేజ్‌ను కూడా అణచేస్తుంది. ఫ్లోరైడ్ వేస్తే ఎనొలేజ్ ఆగుతుంది. గ్లూకోజ్ పరీక్షకు తీసిన రక్తంలో ఫ్లోరైడ్ కలిపేది అందుకే, లేకపోతే రక్తకణాలు ఆ గ్లూకోజ్‌ను వాడుకుంటూ పోయి ఫలితం తక్కువ చూపిస్తుంది.

అడిగినవారు

0.1 దగ్గరే పొరపాటు జరిగింది సార్, ఇప్పుడు జవాబు కలిసింది. ఒక్క చిన్న సందేహం: 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మేమే కలుపుకోవాలట, ఎంతకెంత?

జవాబు

సీసాలో ఉండే 37 శాతం గాఢ ఆమ్లం సుమారు 12 నార్మల్. 100 మిల్లీలీటర్లకు 8.3 మిల్లీలీటర్లు కావాలి. ముందు 80 మిల్లీలీటర్ల దాకా నీళ్లు తీసుకుని, అందులోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వదలండి, చల్లారాక 100 గీత వరకు నీళ్లు పోయండి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే వేడికి చిమ్ముతుంది. పొగలు వస్తాయి కనుక ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి.