12 మంది, 3 గ్రూపులు: 3/11 కరెక్టా, 1/3 కరెక్టా?

వంశధార_సీఎస్ఈ
అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళం దగ్గర ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. మొన్న మిడ్‌లో ఒక బిట్ వచ్చింది. 12 మంది స్టూడెంట్స్‌ని నలుగురేసి చొప్పున మూడు గ్రూపులు చేస్తే, వాళ్ళలో ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే గ్రూపులో పడే ప్రాబబిలిటీ ఎంత అని. నేను 1/3 రాశాను, కీలో 3/11 ఉంది, రెండు మార్కులు పోయాయి. రూముకొచ్చి పైథాన్‌లో కోడ్ రాసి లక్షసార్లు తిప్పితే 0.333 వచ్చింది. కీ తప్పా, నేను తప్పా? ఇంకోటేంటంటే మా సెక్షన్ 60 మందిని మినీ ప్రాజెక్టుకి 15 బ్యాచ్‌లు చేసే ప్రోగ్రాం క్లాస్ టీచర్ నన్నే రాయమన్నారు, ఇదే కోడ్ వాడదామనుకున్నా, ఇప్పుడు భయమేస్తోంది.

టెక్కలి_మాస్టారు
కీ కరెక్టే బాబు. ఒక ఫ్రెండ్‌ని ఏదో గ్రూపులో కూర్చోబెట్టేయ్. మిగిలిన సీట్లు 11. వాడి గ్రూపులో ఖాళీ 3. రెండోవాడికి ఆ 11 సీట్లూ సమానమే. 3/11, అయిపోయింది. ఇంటర్ మ్యాథ్స్ టూ-ఏ చదివినవాడు దీనికి కంప్యూటర్ దాకా వెళ్ళక్కర్లేదు.

ఎచ్చెర్ల_బస్సు
3/11.

డిప్లొమా_రాజాం
ఏటి మాస్టారూ అలా తేల్చేస్తారు. గ్రూపులు మూడే, మొదటోడు ఎక్కడున్నా రెండోవాడు అక్కడికే రావడానికి మూడింట ఒక వంతు. లక్షసార్లు తిప్పి మిషన్ చెప్పింది అబద్ధమా? ఆ కుర్రాడు కష్టపడి కోడ్ రాసుకుని వస్తే ఇంటర్ చదివావా అని అడుగుతారేటి.

నాగావళి
తమ్ముడూ, గొడవ పడకముందు ఒకటి చెప్పు. ఒక్కొక్క స్టూడెంట్‌కి రాండింట్‌తో, అంటే పైథాన్‌లో ఏదో ఒక అంకె తీసే ఫంక్షన్‌తో, 1, 2, 3లో ఒక నెంబర్ ఇచ్చేశావా? అలాగైతే ప్రతిసారీ గ్రూపుల సైజులు ప్రింట్ చేసి చూడు.

వంశధార_సీఎస్ఈ
అవునక్కా అలాగే చేశా. ప్రింట్ చేశాను ఇప్పుడే. 5, 4, 3 వచ్చింది, తర్వాత 2, 6, 4, తర్వాత 3, 3, 6. అయ్యో.

నాగావళి
అదే. ఎవరికి వాళ్ళకి విడిగా నెంబర్ ఇస్తే నలుగురేసి రారు. పన్నెండు మందికీ మూడు నెంబర్లు ఇచ్చే విధాలు మొత్తం 5,31,441, కరెక్టుగా 4, 4, 4 వచ్చేది అందులో 34,650 సార్లే, అంటే నూటికి ఆరున్నర. మిగతా తొంభైమూడున్నర సార్లు నీ కోడ్ వేరే ప్రశ్నకి జవాబు చెప్తోంది. ఆ ప్రశ్నకి 1/3 కరెక్టే, కానీ నీ పేపర్లో అడిగింది అది కాదు. పన్నెండు పేర్లూ ఒక లిస్టులో పెట్టి షఫుల్ చెయ్, మొదటి నలుగురు ఒక గ్రూపు, తర్వాత నలుగురు ఒకటి, మిగిలినోళ్ళు ఒకటి.

పలాస_పిల్ల
నాకు 1/22 వచ్చింది, ఎవరైనా చూడండి. మొత్తం 34,650. ఇద్దరూ కలిసుండేవి, వాళ్ళతోపాటు ఇంకో ఇద్దర్ని పదిమందిలోంచి తీసుకుంటే 45, మిగతా ఎనిమిది మందిని రెండుగా చేస్తే 35, గుణిస్తే 1,575.

టెక్కలి_మాస్టారు
ఇదిగో, ఇరవై రెండేళ్ళుగా ట్యూషన్లో నేను చూస్తున్న తప్పు ఇదే. కింద 34,650 అన్నావు, అంటే ఏ గ్రూపు, బి గ్రూపు, సి గ్రూపు అని పేర్లు పెట్టి లెక్కేశావు. పైన 1,575 దగ్గరికొచ్చేసరికి పేర్లు తీసేశావు. పేర్లు వద్దనుకుంటే కింద కూడా మూడు ఫాక్టోరియల్‌తో, అంటే 6తో భాగించు, 5,775 వస్తుంది, 1,575ని దాంతో భాగిస్తే 3/11. పేర్లు కావాలంటే పైన కూడా పెట్టు, 9,450 బై 34,650, అదీ 3/11. ఎలా చేసినా పర్లేదు గానీ పైనా కిందా ఒకే పద్ధతి ఉండాలి.

పలాస_పిల్ల
ఓ. థాంక్యూ మాస్టారు.

టెక్కలి_మాస్టారు
ప్రాబబిలిటీ కాకుండా ఎన్ని విధాలుగా అని అడిగితే మాత్రం జాగ్రత్తమ్మా, అక్కడ గ్రూపులకి పేర్లున్నాయో లేదో చూసుకోవాలి. మూడు ఫాక్టోరియల్ అక్కడ ప్రాణం తీస్తుంది.

డిప్లొమా_రాజాం
సరే, సైజులు సమానం అన్నారు కాబట్టి 3/11, ఒప్పుకున్నాను. కానీ మాస్టారూ మీరింకా మూడు ఫాక్టోరియల్ పట్టుకునే ఉన్నారు. అసలు ఏ కాలేజీలో బ్యాచ్‌లు షఫుల్ చేసి వేస్తన్నారో చెప్పండి. నేను డిప్లొమా అయ్యాక ఈసెట్ ఎంట్రన్స్ రాసి నేరుగా సెకండియర్లో జాయినయ్యాను, లేటరల్ ఎంట్రీ అంటారు. ఫస్టియర్ నుంచి ఉన్న రెగ్యులర్ వాళ్ళ రోల్ నెంబర్లో 1ఏ ఉంటాది, మాకు 5ఏ, రిజిస్టర్లో మా పేర్లు ఆఖర్న. రోల్ నెంబర్ల వరస ప్రకారం నలుగురేసి కోసుకుంటూ పోతే 60 మందిలో మేం ఎనిమిది మందిమీ చివరి రెండు బ్యాచ్‌లు. మూడేళ్ళు, ప్రతి ల్యాబూ, ప్రతి ప్రాజెక్టూ అంతే. రెగ్యులర్ వాళ్ళకి ఫస్టియర్లో సీ లాంగ్వేజ్ అయిపోయింది, మాకు నేరుగా డేటా స్ట్రక్చర్స్. పాయింటర్ అర్థం కాకపోతే పక్కోణ్ణి అడగాలంటే పక్కోడికీ తెల్దు. మా బ్యాచ్‌కి ఇచ్చిన సిస్టమ్‌లో ఎంటర్ మీట ఊడిపోయుండేది, పెన్ను వెనకవైపుతో నొక్కేవాళ్ళం. సీట్లన్నీ సమానం అని మీరు రాసింది చూస్తే నాకు కోపం రాదేటి?

ఎచ్చెర్ల_బస్సు
మా కాలేజీలోనూ ఇంతే అన్నా.

టెక్కలి_మాస్టారు
బాబూ, నేను లెక్క గురించి మాట్లాడాను. రోల్ నెంబర్ల ప్రకారం వేస్తే అందులో రాండమ్ లేదు, దానికి ప్రాబబిలిటీ అన్న మాటే పనికిరాదు.

డిప్లొమా_రాజాం
పనికిరాకపోవడం కాదండీ, నేను వేశాను చూడండి. షఫుల్ చేసుంటే నా పక్కన పడే ముగ్గురూ లేటరల్ వాళ్ళే అవ్వడానికి, మిగతా ఏడుగురిలో ముగ్గుర్ని తీస్తే 35, మొత్తం 59 మందిలో ముగ్గుర్ని తీస్తే 32,509. దరిదాపు వెయ్యిలో ఒకటి. అలాంటిది మాకు మూడేళ్ళూ రోజూ జరిగింది. ఇది కావాలని చేశారని అనడం లేదు, ఎవరూ పట్టించుకోలేదు అంటన్నాను.

టెక్కలి_మాస్టారు
ఈ లెక్క తప్పులేదు. నీకు జరిగింది మాత్రం అన్యాయమే. అయితే దానికి మందు షఫుల్ కాదు, మార్కుల వరస పెట్టి పాములా తిప్పాలి. 1, 30, 31, 60 ర్యాంకులు ఒక బ్యాచ్. 2, 29, 32, 59 ఇంకోటి. ప్రతి బ్యాచ్‌లో చెప్పేవాడొకడు ఉంటాడు.

నాగావళి
మాస్టారూ, దయచేసి ఆ మాట అనకండి. ఆ చెప్పేదాన్ని నేనే. విజయనగరంలో చదివినప్పుడు మాకు అలాగే వేశారు. రాత్రి రెండింటిదాకా హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాలుగు రికార్డులు నేనే రాశాను, వైవాలో మిగతా ముగ్గురూ నా మొహం చూశారు. వాళ్ళకి రాలేదు, నాకు నిద్ర లేదు.

డిప్లొమా_రాజాం
మీ కష్టం అర్థమైంది గానీ మేడమ్, ఆ ముగ్గురిలో ఒకడిగా ఉండే అదృష్టం కూడా నాకు లేదు. తెలిసినోళ్ళు ఒక్కరు పక్కనుంటే నేను చేతులు కట్టుకుని కూచునేవాణ్ణి కాదు. ఇక మార్కుల వరస అన్నారు మాస్టారు. మాకు ఫస్టియరే లేదు, ఆ కాలమ్ ఖాళీ. ఎక్సెల్లో సార్ట్ కొడితే ఖాళీలు అడుక్కి పోతాయి.

టెక్కలి_మాస్టారు
అడుక్కి పోతే ఏం? 53 నుంచి 60 దాకా ర్యాంకులు, పాములా తిప్పితే ఎనిమిది మందీ ఎనిమిది వేరే బ్యాచ్‌ల్లో పడతారు. నీకు కావలసిందీ అదే కదా.

డిప్లొమా_రాజాం
కాదండీ. అలా పడితే ప్రతి బ్యాచ్‌లోనూ 'ఈడు ఆఖరి ర్యాంకోడు' అని తెలిసే నన్ను తీసుకుంటారు. డిప్లొమాలో నాకు 86 శాతం. ఎవడో దయతలచి పక్కన కూర్చోబెట్టుకోవడం నాకొద్దు. షఫుల్లో పడితే నేను అందరిలాగే పడ్డాను అంతే. ఇందాకటి నుంచి నా బాధ ఇదే, సరిగ్గా చెప్పలేక 1/3 మీద పోట్లాడాను.

టెక్కలి_మాస్టారు
నాకింకా మార్కుల పద్ధతే మంచిదనిపిస్తోంది. కానీ నువ్వన్నది నా బుర్రలోకి ఎప్పుడూ రాలేదు బాబూ.

వంశధార_సీఎస్ఈ
షఫుల్ పెట్టి లక్షసార్లు తిప్పాను, 0.2726 వచ్చింది, 3/11కి దగ్గరే. మా సెక్షన్లోనూ ఎనిమిది మంది లేటరల్ ఉన్నారు. 60 మందినీ ఒకసారి షఫుల్ చేసి చూస్తే వాళ్ళు ఆరు బ్యాచ్‌ల్లో పడ్డారు, రెండింట్లో ఇద్దరేసి, నాలుగింట్లో ఒక్కొక్కరు.

నాగావళి
అది ట్రయల్ అనుకో. నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తిప్పకు, అప్పుడది షఫుల్ కాదు, నువ్వు వేసిన లిస్టే. క్లాసులో ప్రొజెక్టర్ పెట్టి అందరి ముందు ఒక్కసారే నొక్కు. వైవా ఎవరికి వాళ్ళకి విడిగా పెట్టమని కూడా మీ మేడమ్‌ని అడుగు.

డిప్లొమా_రాజాం
నోటీసు బోర్డులో అంటించేముందు మార్కుల కాలమ్ తీసేయ్ తమ్ముడూ.

వంశధార_సీఎస్ఈ
ఆ కాలమ్ నేను పెట్టలేదన్నా. రోల్ నెంబర్ కూడా తీసేసి పేర్లే ఉంచాను.