‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ ఎందుకు తప్పు?

మా మేనకోడలు ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్తోంది. నిన్న సాయంత్రం వైజాగ్ మీద ఇంగ్లిష్‌లో ఒక పేరా రాసి, “మావయ్యా, ఓసారి చూడు” అని పట్టుకొచ్చింది. మొదటి వాక్యమే ‘వన్ ఆఫ్ ది మోస్ట్ బ్యూటిఫుల్ సిటీ’. ‘సిటీ’ కింద గీత గీశాను. “వన్ అంటే ఒకటే కదా, మరి సిటీస్ ఎందుకు?” అంది.

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఈ తప్పు పిల్లలొక్కరే చెయ్యట్లేదు. ఉద్యోగాల దరఖాస్తుల్లో, షాపుల బోర్డుల మీద తరచూ చూస్తున్నాను.

‘మా ఫ్రెండ్ ఒకడు స్టీల్ ప్లాంట్‌లో చేస్తున్నాడు’ అంటాం. అందులో ఫ్రెండ్ ఏకవచనం. దాన్నే ఇంగ్లిష్‌లోకి దించబోయి ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనేస్తాం. నిజానికి ఆ మాటకి సరిజోడు ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’. ‘వన్ ఆఫ్’కి జోడు ‘నా స్నేహితుల్లో ఒకడు’. ‘స్నేహితుడిలో ఒకడు’ అని మనం చచ్చినా అనం కదా! తెలుగులో ఎప్పుడూ చెయ్యని తప్పు ఇంగ్లిష్‌లో చేస్తున్నాం.

చిన్నప్పుడు ‘కి, కు, యొక్క, లో, లోపల – షష్ఠీ విభక్తి’ అని వల్లెవేశాం. ‘యొక్క’ పక్కన ‘లో’ ఎందుకుందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఒక గుంపులోంచి ఒకదాన్ని వేరుచేసి చెప్పడాన్ని వ్యాకరణంలో నిర్ధారణ అంటారు. ఆ పని చేసే ‘లో’ అది. ఇంగ్లిష్ ‘ఆఫ్’ కూడా అచ్చం అంతే, ‘యొక్క’ అయినా ‘ల్లో’ అయినా అదే. ఇది తట్టిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

పిల్లకి మాత్రం విభక్తుల జోలికి పోకుండా చెప్పాను. ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది కదా, 1969లో నౌకాదళంలో చేరింది. మన దేశపు మొదటి నాలుగు జలాంతర్గాముల్లో అదొకటి. ముందు ఆ నాలుగింటినీ వరసగా నిలబెట్టుకో, తర్వాత కురుసుర మీద వేలు పెట్టు. ‘కురుసుర వాజ్ వన్ ఆఫ్ ఇండియాస్ ఫస్ట్ ఫోర్ సబ్‌మెరైన్స్’. ఉన్నవి నాలుగు, అందుకని సబ్‌మెరైన్స్. వేలు పెట్టింది ఒకదాని మీదే, అందుకని ‘వాజ్’. వెంటనే పెన్ను తీసుకుని ‘సిటీస్’ అని దిద్దుకుంది.

కింద కామెంట్లలో ఒకరు ‘వన్ ఆఫ్ దోజ్ గర్ల్స్ హూ’ తర్వాత ‘రీడ్’ రాయాలా, ‘రీడ్స్’ రాయాలా అని అడిగారు. తెలుగులో చెప్పుకుని చూడండి: ‘రోజూ చదివే అమ్మాయిల్లో ఈమె ఒకతె’. చదివేది అమ్మాయిలందరూ. కాబట్టి ‘రీడ్’. ‘రీడ్స్’ అని రాసేవాళ్లూ ఉన్నారు గానీ, పరీక్షలో ‘రీడ్’ అనే రాయండి.