సవతి తల్లి ఎవరికి సవతి?

నిన్న రాత్రి మా పాపకు స్నో వైట్ కథ తెలుగులో చెప్తూ 'సవతి తల్లి' అన్నాను. "సవతి అంటే?" అని ఆపింది. మీ నాన్న ఇంకో పెళ్లి చేసుకుంటే ఆమె నాకు సవతి అవుతుంది అన్నాను. (పక్క గదిలోంచి దగ్గు వినిపించింది.) "నీకు సవతి అయితే నాకెందుకు ఆ పేరు?" అంది. నాకు జవాబు తోచలేదు. పెద్దలు చెప్పండి.
– మల్కాజిగిరి నుంచి

జవాబు: మీ పాప సరైన చోటే పట్టుకుందమ్మా. సంస్కృతం 'సపత్ని' మన 'సవతి' అయింది. సవతి తల్లి అంటే అమ్మకు సవతి. పిల్లకు ఏమవుతుందో చెప్పకముందే అమ్మకు ఏమవుతుందో చెప్పే మాట. ఇంగ్లీషు 'స్టెప్‌మదర్'లోని 'స్టెప్'కు మెట్లతో సంబంధం లేదు. జర్మన్‌లో 'ష్టీఫ్'. రెండింటికీ పాత అర్థం, అమ్మానాన్నల్లో ఒకరిని పోగొట్టుకున్న అని. అది పిల్ల వైపు మాట, మనది అమ్మ వైపు మాట.

అసలు స్నో వైట్ కథను అచ్చు వేసిన జర్మన్ అన్నదమ్ములు గ్రిమ్ సోదరుల 1812 నాటి మొదటి కూర్పులో ఆ రాణి కన్నతల్లే! 1819లో కన్నతల్లిని చంపేసి సవతి తల్లిని తెచ్చారు. వాళ్లదే 'హాన్సెల్, గ్రెటెల్' కథలో ఆ పిల్లల తల్లికీ తర్వాత అదే గతి. గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, రాసిన కలం మాత్రం అన్నదమ్ములది. కన్నతల్లి చెడ్డదైతే మగవాళ్లకే ఎక్కువ గుబులేమో!

ఇంకో జవాబు: అంత తేలిగ్గా తేల్చకండి సార్. ఫ్రెంచి రచయిత్రి బోమొం గారు ఆడమనిషే. 1756లో 'బ్యూటీ అండ్ ది బీస్ట్'ను కుదించి, ఆడపిల్లలకు బుద్ధులు నేర్పే పాఠంలా చేసింది ఆవిడే. అంతకుముందు 1740లో దాన్ని పెద్ద కథగా రాసిన విల్‌నవ్ గారూ ఆడమనిషే.

మొదటాయన: నిజమే, ఒప్పుకుంటాను. కానీ 1697 చూడండి. ఆ ఏడు ఫ్రెంచి రచయిత పెరో రాసిన సిండ్రెల్లాలో సవతి తల్లి ఉంది. ఇంచుమించు అప్పుడే ఫ్రెంచి రచయిత్రి దోల్‌నువా రాసిన 'ఫినెట్ సాండ్రో'లో కూతుళ్లను అడవిలో వదిలేద్దామన్నది సొంత తల్లే. ఫినెట్ రాక్షసుణ్ణి పొయ్యిలోకి పంపిస్తుంది కూడా. ఆ రచయిత్రికి అమ్మను మంచిదాన్ని చేయాల్సిన అవసరం కనపడలేదు.

మరొకరు: 'మారుతల్లి' అనే మాట కూడా ఉందండోయ్, అందులో తగాదా లేదు. ఇక 'సవతి తల్లి ప్రేమ' బడ్జెట్ రోజుల్లో పేపర్లవాళ్ల సొత్తు! మా నాన్న వాళ్ల మారుతల్లిని చివరిదాకా 'చిన్నమ్మా' అనే పిలిచాడు. సవతి తల్లి అన్నది బయటివాళ్లే, అదీ ఆమె వెనకాల.

మల్కాజిగిరి: అందరికీ థాంక్స్. ఇవాళ కథలో 'చిన్నమ్మ' అని మార్చి చూశాను. పాప లేచి కూర్చుంది. "ఉప్పల్ చిన్నమ్మ యాపిల్‌లో విషం పెడతదా?" అంది. మళ్లీ సవతి తల్లికే వచ్చేశాను.