మట్టి పలకలతో కట్టిన ఫ్లవర్ వాజ్ అతుకు దగ్గరే విడిపోతోంది, ఎందుకు?

అడయారు_మట్టి:
చెన్నైలో ఇంట్లోనే చేస్తున్నాను. స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడిలో కాల్చేది), 6 మి.మీ. పలక, గుండ్రటి వాజ్. ఎత్తు 22 సెం.మీ., అడుగు వ్యాసం 8. పలక ఒత్తగానే పీవీసీ పైపుకి చుట్టి, అంచులకి గీతలు పెట్టి, చిక్కటి మట్టినీళ్లు పూసి అంటిస్తున్నాను. రెండో రోజుకి నిలువు అతుకు పైనుంచి రెండంగుళాలు నోరు తెరుస్తోంది. అడుగు, గోడ కలిసేచోట చుట్టూ వెంట్రుకంత బీట. మట్టినీళ్లు ఇంకా ఎక్కువ పూయాలా?

కుమ్మరిచక్రం_లేదు:
వద్దండీ, తగ్గించాలి. తడి ఎక్కువున్న చోటే మట్టి ఎక్కువ కుంచించుకుంటుంది, అక్కడే చీలుతుంది. పలకని ముందు ఆరనివ్వండి: వంచితే పైన బీటలు రాకూడదు, ఎత్తితే వేలాడకూడదు. రెండు అంచులనీ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టండి. చుట్టుకొలత 25 సెం.మీ. వస్తుంది, ఒక సెంటీమీటరు ఎక్కువే కోసుకుని, చుట్టి చూశాక మిగిలింది తీసేయండి. గీతలు అడ్డదిడ్డంగా, లోతుగా ఉండాలి. పెన్సిలంత మట్టి వత్తి చేసి అతుకు లోపలివైపు పెట్టి వేలితో రుద్దేయండి, అసలు బలం దానిదే.

పైపుకి ముందు న్యూస్‌పేపర్ చుట్టండి. గోడ తనంతట తాను నిలబడగానే పైపు లాగేయాలి. లోపలే వదిలేస్తే, మట్టి కుంచించుకోవడానికి చోటు లేక నిలువునా చీలుతుంది.

ఇంకో మాట, పలక ఒత్తాక రెండువైపులా స్టీలు స్కేలు అంచుతో గట్టిగా అదిమి లాగండి. గుడ్డ మీంచి ఒక మూల పట్టుకుని ఎత్తకండి. అప్పుడు పడ్డ వంపుని మట్టి గుర్తుపెట్టుకుంటుంది, ఆరేటప్పుడు మళ్లీ అటే తిరుగుతుంది.

బెంగళూరు_బట్టీ:
అడుగు బీటకి కారణం వేరు. గోడ ముందే ఆరిపోతుంది, అడుగు చెక్కకి అంటుకుని తడిగా ఉండిపోతుంది. చెక్క మీద న్యూస్‌పేపర్ పరిస్తే అడుగు జారుతూ కుంచించుకుంటుంది. మూతికి పాలిథిన్ పట్టీ చుట్టండి, అన్నిటికంటే ముందు ఆరేది అదే. మొదటి రెండు రోజులు మొత్తం కప్పి ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా తెరవండి. చెన్నై ఉక్కకి ఎంతకీ ఆరట్లేదని ఫ్యాను కింద మాత్రం పెట్టొద్దు, గాలి తగిలిన వైపు ముందు లాగేసి వాజ్ వంకరపోతుంది.

అడయారు_మట్టి:
ధన్యవాదాలండీ. ఆరిందని ఎలా తెలుస్తుంది? కొసపేటలో దొరికే ఎర్రమట్టితో కూడా ఇదే పని చేయొచ్చా?

బెంగళూరు_బట్టీ:
అడుగుని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. బట్టీలో పేలేది లోపల చిక్కుకున్న గాలి వల్ల కాదు, ఆ తడి ఆవిరై తోసుకురావడం వల్ల. 100 డిగ్రీల లోపు కొన్ని గంటలు ఆపి, తర్వాత నెమ్మదిగా 1000 దాకా తీసుకెళ్లి బిస్క్ (గ్లేజ్ వేయకముందు మొదటి కాల్పు) చేయించండి. గ్లేజ్ (గాజులాంటి పూత) వేశాక చేసే రెండో కాల్పు మీ మట్టి సంచి మీద రాసిన ఉష్ణోగ్రతకే.

ఎర్రమట్టితో కట్టడం ఇలాగే. కానీ దాన్ని స్టోన్‌వేర్‌తో కలిపి 1220 డిగ్రీలకి పంపితే ఉబ్బి, కూలి, బట్టీ షెల్ఫుకి అతుక్కుపోతుంది. తక్కువ వేడిలో కాల్చినది నీళ్లు చెమరుస్తుంది, గ్లేజ్ వేసినా సన్నటి పగుళ్లుంటే ఊరుతుంది. అందుకే నీళ్లు పోయడానికి లోపల పట్టే గాజు గ్లాసు ముందే కొనుక్కుని, మట్టి కుంచించుకుంటుంది కాబట్టి దాని కొలతకి పైన 12 శాతం కలిపి పలక కోయండి.