కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీనా, సైడీనా?

మిర్చిబజ్జి: ఎమ్మెస్సీ సైకాలజీ ఈ ఏడాదే అయింది, అమెరికాలో కౌన్సెలింగ్ సైకాలజీ డాక్టరేట్ చేయాలని ఉంది. పీహెచ్‌డీ, సైడీ (PsyD, డాక్టర్ ఆఫ్ సైకాలజీ) రెండూ ఒకటేనా? "ఇంకా ఎన్నేళ్లమ్మా?" అని నాన్న రోజూ అడుగుతున్నారు.

వేపచెట్టు: ఒకటి కాదండీ. పీహెచ్‌డీలో రీసెర్చ్ ఎక్కువ, చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, బదులుగా క్లాసులు చెప్పడమో రీసెర్చ్ పనో చేయాలి. సైడీలో థెరపీ ప్రాక్టీసు ఎక్కువ, ఫీజు మాత్రం చాలావరకు మన జేబులోంచే. నాన్నగారికి ఐదారేళ్లని చెప్పేయండి. చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్, దానికి మళ్లీ దేశమంతా అప్లై చేసి మ్యాచ్ ఫలితం (ఎవరికి ఎక్కడ సీటు వచ్చిందో) కోసం టెన్షన్ పడాలి. నా మొదటి ప్రాక్టికమ్‌లో (సూపర్‌వైజర్ కింద క్లయింట్లను చూసే శిక్షణలో) క్లయింట్ ఏడుస్తుంటే గబుక్కున టిష్యూ బాక్స్ ముందుకు తోశాను, తర్వాత సూపర్‌వైజర్ ఆ సెషన్ వీడియో చూస్తూ అక్కడే ఆపి "ఎవరి కంగారు తగ్గడానికి?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఫిల్టర్‌కాఫీ: ముందు ఆ కోర్సుకి ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇంటర్న్‌షిప్ దగ్గరా లైసెన్సు దగ్గరా తిప్పలే. ఆపైన లైసెన్సు కోసం 225 ప్రశ్నల ఈపీపీపీ (EPPP) పరీక్ష ఎటూ తప్పదు.

మిర్చిబజ్జి: థాంక్సండీ. ఐదారేళ్లని నాన్నకి చెప్పాను. టీవీ సౌండ్ పెంచారు.